కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మంచి పని వాతావరణం: మొదలుపెట్టాల్సింది బట్వాడా దగ్గర

ఇళ్లు కట్టే పనితో ఏ సంబంధమూ లేని కుటుంబాలు మన మధ్య తక్కువే. ఒకరింట్లో సెంట్రింగ్ మేస్త్రీ ఉంటే, పక్కింట్లో టైల్స్ పనివాళ్లు ఉంటారు. పెయింటింగ్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో మనవాళ్లు ఎంతోమంది. ఈమధ్య పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, నాలుగేళ్లు ఎవరి దగ్గరో సూపర్‌వైజర్‌గా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా కంపెనీ పెట్టుకుంటున్న కుర్రాళ్లు కూడా పెరిగారు. మొదట రెండు ఇండిపెండెంట్ ఇళ్లు, తర్వాత ఒక అపార్ట్‌మెంట్, ఆ తర్వాత విజిటింగ్ కార్డు మీద పేరు చివర 'కన్‌స్ట్రక్షన్స్' అన్న మాట చేరుతుంది.

ఐదుగురితో పనిచేసినన్నాళ్లు పని వాతావరణం గురించి ప్రత్యేకంగా ఆలోచించే అవసరం రాదు. అందరూ కళ్ల ముందే ఉంటారు, టీ కూడా కలిసే తాగుతారు. మూడు సైట్లు, ముగ్గురు మేస్త్రీలు, నలభై మంది పనివాళ్లు అయ్యాక యజమాని ప్రతి చోటా ఉండలేడు. అతను లేనప్పుడు ఆ సైట్‌లో ఏం జరుగుతుందో, ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో, తప్పు జరిగితే బయటికి చెప్తారో దాచేస్తారో, అదే ఆ కంపెనీ వర్క్ కల్చర్. ఆఫీసు గోడకు నినాదాలు రాసి అంటించడం, పుట్టినరోజులకు కేకు కోయడం తప్పు కాదు. కానీ సైట్‌లో తట్ట మోసే మనిషికి ఆ కేకు సంగతే తెలియదు.

పని వాతావరణం బాగుపడాలంటే ముందు చూడాల్సింది డబ్బు చేతికొచ్చే రోజు. మన మేస్త్రీల భాషలో చెప్పాలంటే బట్వాడా.

బట్వాడా ఆలస్యమైతే ఏమవుతుంది?

బిల్డర్ నుంచి మెయిన్ కాంట్రాక్టర్‌కు, అతని నుంచి లేబర్ కాంట్రాక్టర్‌కు, అక్కడి నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి కూలీకి డబ్బు దిగి రావాలి. పైన ఒక బిల్లు పది రోజులు ఆగితే కింద మనిషికి అది నెల రోజుల ఆలస్యంగా తగులుతుంది. ఇల్లు కట్టించుకునే ఓనరు స్లాబ్ పడ్డాకే డబ్బిస్తానంటాడు. స్లాబ్ పడాలంటే ముందు సెంట్రింగ్ వాళ్లకూ, రాడ్ బెండింగ్ వాళ్లకూ కూలీ ఇవ్వాలి. ఈ మధ్య ఖాళీని ఎవరు భరిస్తున్నారు? చాలా కంపెనీల్లో అందరికన్నా తక్కువ సంపాదించే మనిషే భరిస్తున్నాడు. 'బిల్లు రాలేదు భయ్యా, వచ్చే వారం చూద్దాం' అనే మాట ఎంత మర్యాదగా చెప్పినా, దానర్థం కూలీ దగ్గర అప్పు తీసుకున్నామనే. అదీ అతన్ని అడక్కుండా.

హైదరాబాద్ సైట్లలో బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్లకు ఇంకో పద్ధతి నడుస్తుంది. వారం వారం తిండికి సరిపోయేంత 'ఖర్చీ' ఇస్తారు. మిగతాది ఊరికి వెళ్లేటప్పుడు 'హిసాబ్' చేస్తామంటారు. కొంతమంది పనివాళ్లకు ఇది నచ్చుతుంది కూడా, చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని. కానీ ఆ హిసాబ్ ఒకరి పుస్తకంలోనే ఉంటే గొడవ ఖాయం. మనిషి వెళ్లిపోకుండా ఉండాలని ఒకటి రెండు వారాల కూలీ కావాలనే పట్టుకునే కాంట్రాక్టర్లు ఉన్నారు. అలా పట్టుకున్న మనిషి సైట్‌లో ఉంటాడు గానీ, అతని మనసు పనిలో ఉండదు. డబ్బు చేతికొచ్చిన రోజే వెళ్లిపోతాడు, వెళ్తూ ఇంకో నలుగురిని తీసుకుపోతాడు.

చట్టం మాట స్పష్టంగా ఉంది. 2019, 2020 సంవత్సరాల్లో పార్లమెంటు ఆమోదించిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలీకి ఆ షిఫ్టు ముగిసేసరికి, వారం లెక్కన పనిచేసేవారికి ఆ వారపు సెలవుకు ముందు చివరి పనిరోజున, నెల జీతగాళ్లకు తర్వాతి నెల 7వ తేదీలోగా డబ్బు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. 'బిల్లు రాకపోతే ఇవ్వక్కర్లేదు' అనే మాట అందులో లేదు.

చిన్న కాంట్రాక్టర్ ఏం చేయాలి? ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు 8 మంది మేస్త్రీలు రోజుకు 1,000 చొప్పున, 12 మంది హెల్పర్లు 700 చొప్పున అనుకుందాం. రోజుకు 16,400 రూపాయలు. ఆరు రోజులకు 98,400. రెండు వారాలకు దాదాపు రెండు లక్షలు. ఆ రెండు లక్షలు ఒక వేరే ఖాతాలో పెట్టి, సిమెంటుకూ ఇనుముకూ ముట్టుకోకుండా ఉంచగలిగితేనే ఆ పని ఒప్పుకోవాలి. లేకపోతే ఓనరుతో మాట్లాడి స్లాబుకొకసారి కాకుండా పదిహేను రోజులకొకసారి చెల్లించేలా అగ్రిమెంట్ రాసుకోవాలి. సిమెంటు షాపతను ఒక వారం ఆగగలడు. ఇంటద్దె, పిల్లల ఫీజు ఆగవు.

రెండో సంగతి హాజరీ. పొద్దున్న పదకొండింటికి వాన వచ్చి పని ఆగిపోతే అది అర్ధ హాజరీయా, పూర్తి హాజరీయా? రెడీమిక్స్ లారీ నాలుగు గంటలు ఆలస్యంగా వస్తే ఊరికే కూర్చున్న టైము ఎవరి ఖాతాలో? ఇలాంటివి ఆ రోజు ఎవరి నోరు పెద్దదైతే వాళ్ల మాట ప్రకారం తేలుతున్నాయి. ముందే ఒక నియమం పెట్టి, మేస్త్రీలందరికీ చెప్పి, ప్రతి సాయంత్రం హాజరీ పుస్తకం పనివాడికి చూపిస్తే సగం తగాదాలు పుట్టవు. చదవడం రాని మనిషైతే ఫోన్‌లో ఫోటో తీసుకోమంటే చాలు, ఇంట్లో పిల్లలు చదివి చెప్తారు. కూలీ నేరుగా మనిషి చేతికో, అతని సొంత ఖాతాకో వెళ్లాలి. పదిమంది డబ్బు ఒక్క మేస్త్రీ ఫోన్‌కు పంపడం సులువే, కానీ అందులోంచి ఎంత కింద దాకా చేరిందో యజమానికి ఎప్పటికీ తెలియదు.

ఇక స్లాబ్ రోజు సంగతి. మన దగ్గర స్లాబ్ పడితే బిర్యానీ దావత్ ఇవ్వడం మంచి అలవాటు. ఆ రోజు పార పట్టిన మనిషీ, ఇంజనీరూ ఒకే చోట కూర్చుని తింటారు. అయితే రాత్రి పదింటి దాకా కాంక్రీటు పోయించి బిర్యానీతో సరిపెట్టడం మాత్రం అన్యాయం. అదనపు గంటలకు రెట్టింపు కూలీ ఇవ్వాలన్నది చట్టం. దావత్ దావతే, ఓవర్‌టైమ్ ఓవర్‌టైమే.

తప్పు దాచే సైట్, చెప్పే సైట్

సెంట్రింగ్ విప్పగానే పిల్లర్ అడుగున కంకర బయటికి కనిపిస్తూ, మధ్యలో ఖాళీలతో తేనెతుట్టెలా ఉండటం చాలామంది చూసే ఉంటారు. వైబ్రేటర్ సరిగా పెట్టకపోతే అలా అవుతుంది. ఇంజనీరు వచ్చి చూసి నలుగురి ముందు బూతులు తిట్టి, ఆ రోజు కూలీ కోశాడనుకోండి. తర్వాత ఏమవుతుంది? తర్వాతి పిల్లర్ బాగా పోస్తారని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, సెంట్రింగ్ విప్పి, ఇంజనీరు రాకముందే ఆ ఖాళీల మీద సిమెంటు పాలు పూసేస్తారు. పైకి నున్నగా కనిపిస్తుంది. లోపల ఇనుముకు తడి తగిలి తుప్పు మొదలవుతుంది. ఆ ఇంట్లో ఉండబోయేది ఒక కుటుంబం.

అదే ఇంజనీరు 'ఎక్కడ తేడా వచ్చింది? వైబ్రేటర్ ఆగిందా, కరెంటు పోయిందా, సందు ఇరుకైందా?' అని అడిగి, మరమ్మతు ఎలా చేయాలో దగ్గరుండి చూపిస్తే, తర్వాతిసారి మేస్త్రీ తనే ఫోన్ చేస్తాడు. పని వాతావరణం బాగుండటం అంటే మెతకగా ఉండటం కాదు. అదే తప్పు మూడోసారి చేస్తే ఆ మేస్త్రీని మార్చాల్సిందే. చెప్పినందుకు శిక్ష ఉండకూడదు, దాచినందుకు ఉండాలి.

నీళ్ల విషయమూ అంతే. కాంక్రీటు గట్టిగా ఉంటే పరచడం కష్టం, కాస్త నీళ్లు కలిపితే జారుతుంది. అలా కలిపిన నీళ్లు బలాన్ని తగ్గిస్తాయని ప్రతి మేస్త్రీకీ తెలుసు. అయినా ఎందుకు కలుపుతాడు? మధ్యాహ్నానికల్లా అయిపోవాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది, మనుషులు తక్కువగా ఉంటారు. తొందర పెట్టింది కంపెనీ, పేరు పోయేది మేస్త్రీది.

సెంట్రింగ్ విప్పే గడువు ఇంకా ప్రమాదకరమైంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన 4.5 మీటర్ల లోపు వెడల్పున్న స్లాబుకు కింది ఆధారాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్లు దాటిన బీములకు 21 రోజులు. కానీ సెంట్రింగ్ సామాను అద్దెకు తెచ్చింది, పక్క సైట్‌కు కావాలి, రోజు రోజుకూ అద్దె పెరుగుతుంది. 'ఇవాళే విప్పెయ్' అని ఫోన్ వస్తుంది. ఆ క్షణంలో సెంట్రింగ్ మేస్త్రీ 'ఇంకా టైము కాలేదు సార్, నేను విప్పను' అనగలడా? అన్నాక సోమవారం అతనికి పని ఉంటుందా? ఏ కంపెనీలోనైనా పని వాతావరణం ఎలా ఉందో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

మనుషుల ప్రాణాల సంగతి కూడా ఈ 'వద్దు' అనగలగడం మీదే ఆధారపడి ఉంటుంది. సెల్లార్ తవ్వుతున్నప్పుడు వాన పడితే మట్టి పెళ్లలు విరిగి పడతాయి. లిఫ్ట్ గుంతకు అడ్డం లేకపోతే చీకట్లో కాలు జారుతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టిన వైరు తడి నేల మీద పడి ఉంటుంది. వీటిని ముందు గమనించేది ఇంజనీరు కాదు, అక్కడ పనిచేసే మనిషి. అతను చెప్పడానికి రోజూ పది నిమిషాలు ఇవ్వాలి. పొద్దున్న పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి, ఇవాళ ఏం పని, ఎక్కడ జాగ్రత్త, నిన్న ఎవరికేం ఇబ్బంది అని మాట్లాడుకోవడాన్ని పెద్ద కంపెనీలు టూల్‌బాక్స్ టాక్ అంటాయి. చిన్న సైట్‌కు ఇది ఇంకా సులువు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాలి. ఈ విషయంలో రెండు భాషలూ వచ్చిన మన కుర్రాళ్లు ఏ సైట్‌కైనా ఆస్తి.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇదంతా కొత్త కాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప వైపు నుంచి వెళ్లినవాళ్లు అక్కడ హెల్మెట్ లేకుండా గేటు దాటలేదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించడం నిషేధం. 2009 నుంచి అక్కడ జీతాలు బ్యాంకు ద్వారా పడే వ్యవస్థ కూడా ఉంది. అక్కడా అన్నీ సవ్యంగా ఉంటాయని కాదు, జీతాలు రాక ఇబ్బంది పడ్డ కథలు మన ఊళ్లలో చాలానే వినిపిస్తాయి. కానీ అక్కడ బెల్టు కట్టుకుని పనిచేసిన మనిషే ఇక్కడికొచ్చి మూడో అంతస్తు అంచున చెప్పుల్లేకుండా నిలబడుతున్నాడు. అతనికి తెలియక కాదు, ఇక్కడ ఎవరూ అడగరు కాబట్టి. సూపర్‌వైజర్ తల మీద హెల్మెట్ లేకపోతే కూలీ తల మీద ఉండదు. మే నెలలో మన దగ్గరా పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపి, మళ్లీ మూడున్నర తర్వాత చేయించవచ్చు. పని గంటలు తగ్గవు, వడదెబ్బలు తగ్గుతాయి.

పిలిచే పిలుపు, పండగ సెలవు

సైట్‌లో మనిషిని పేరు పెట్టి పిలవడానికి ఖర్చేమీ లేదు. అయినా చాలా చోట్ల 'ఒరేయ్', 'అరే బిహారీ' అనే పిలుపులే. కూలీ పెంచకపోయినా, పిలుపు మార్చినందుకే ఒకే కంపెనీని పట్టుకుని ఉన్న మేస్త్రీలు ఉంటారు. వయసులో పెద్దవాణ్ని చాచా అనో, అన్నా అనో పిలిస్తే కాంట్రాక్టర్ గౌరవం తగ్గదు.

ఆడవాళ్ల విషయంలో మాటొక్కటే సరిపోదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి భార్యాభర్తలు కలిసి వస్తారు. ఇటుకలు మోసినా, మాల్ అందించినా ఆడమనిషికి కూలీ తక్కువ. ఒకే పనికి ఒకే కూలీ అన్నది చట్టంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఇక బాత్రూమ్. అపార్ట్‌మెంట్‌లో ముప్ఫై బాత్రూములు కడుతున్న సైట్‌లో, కట్టే ఆడవాళ్లకు ఒక్కటీ లేకపోవడం మామూలైపోయింది. వాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, ఎండాకాలంలో జబ్బు పడతారు. పిల్లలు ఇసుక కుప్పల మీద, మూత లేని సంపు పక్కన ఆడుకుంటుంటారు. పనివాళ్లు యాభై మంది ఉంటేనే క్రెష్ అని చట్టం లెక్కపెట్టొచ్చు. ఐదుగురు పిల్లలున్నా ఒక రేకుల గది, చూసుకోవడానికి ఒక మనిషి ఉంటే తల్లి ధ్యాస పని మీద ఉంటుంది.

పండగల లెక్క ముందే వేసుకునే కాంట్రాక్టర్లకు తిప్పలు తక్కువ. తొలకరి పడగానే పాలమూరు వాళ్లు విత్తనాలకు వెళ్తారు. సంక్రాంతికి కోస్తా వాళ్లు, ఛఠ్‌కు బీహార్ వాళ్లు వెళ్తారు. ఇది ప్రతి ఏడూ జరిగేదే. అయినా స్లాబ్ తేదీ సరిగ్గా అప్పుడే పెట్టి, సెలవు అడిగినవాణ్ని తిట్టి, కూలీ ఆపి, చివరికి ఖాళీ సైట్ చూసుకుంటారు. రంజాన్‌లో ఉపవాసం ఉన్నవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టి ఇఫ్తార్‌కు ముందే దిగిపోయేలా, జుమ్మాకు గంట ముందు వెనకగా సర్దుకునేలా టైము మార్చడం మనవాళ్ల సైట్లలో మామూలే. అదే సర్దుబాటు ఛఠ్‌కు వెళ్లే షట్టరింగ్ మేస్త్రీకీ, దసరా చేసుకునే రాడ్ బెండర్‌కూ దొరికితే ఆ సైట్‌లో మనవాడు, పరాయివాడు అనే గుసగుసలు ఉండవు.

మధ్యలో నలిగిపోయే సూపర్‌వైజర్

పనివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయే మనిషి సైట్ సూపర్‌వైజర్. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు. పొద్దున ఏడింటికి వస్తే రాత్రి తొమ్మిదికి కూడా కదలడు. ఆదివారం క్యూరింగ్ నీళ్లు పట్టించే బాధ్యతా అతనిదే. పైన యజమాని తొందర, కింద తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన మేస్త్రీ మొండితనం. బట్వాడా ఆలస్యమైతే తిట్లు తినేది అతనే, అతని సొంత జీతం కూడా చాలాసార్లు అప్పటికి వచ్చి ఉండదు. చూడని పనికి సంతకం పెట్టమని అతనిమీద ఒత్తిడి పెట్టే కంపెనీలో, తర్వాత ఏదైనా జరిగితే ఆ సంతకం అతని మెడకే చుట్టుకుంటుంది.

యజమాని వారానికి ఒక్క గంట ఈ కుర్రాడితో కూర్చోవాలి. మేస్త్రీల ముందు అతన్ని తిట్టకూడదు. పని ఆపే అధికారం అతనికి ఉందని మేస్త్రీలందరికీ ముందే చెప్పాలి. నెలకు రెండు ఆదివారాలైనా నిజమైన సెలవు ఇవ్వాలి. వీటికి పెద్దగా డబ్బు పట్టదు. అయినా ఇవే ఎక్కువ చోట్ల జరగవు, ఎందుకంటే యజమాని తను కూడా ఒకప్పుడు అలాగే నలిగి పైకొచ్చాడు. 'మేం పడలేదా?' అనే ఆ మాటే ఒక తరం చెడు అలవాటును ఇంకో తరానికి అందిస్తోంది.

ఇంకొక్కటి ఉంది, కాగితం పని కాబట్టి అందరూ వాయిదా వేసేది. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. ఆ బోర్డు సాయం అందాలంటే పనివాడు అందులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే చాలు. కాంట్రాక్టర్ ఆ 90 రోజుల పనికి ధ్రువీకరణ రాసిస్తే లేబర్ ఆఫీసులో పని సులువవుతుంది. కొందరు ఎందుకొచ్చిన గొడవ అని సంతకం పెట్టరు. తీరా ప్రమాదం జరిగాక ఆసుపత్రి వరండాలో నిలబడి రాజీ మాటలు మాట్లాడతారు. ప్రమాద పరిహారానికి ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవడం, పేర్లు నమోదు చేయించడం పని మొదలైన మొదటి నెలలోనే చేయాలి. తమ తోటివాడు పడిపోయినప్పుడు కంపెనీ ఏం చేసిందో పనివాళ్లు జన్మలో మర్చిపోరు. ఆ కబురు ఒక్క వారంలో ఊళ్లోని ప్రతి అడ్డాకూ చేరుతుంది.

మీ అబ్బాయి కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చేరబోతుంటే ఆఫీసు ఏసీ గది చూసి నిర్ణయించుకోవద్దు. సాయంత్రం ఐదింటికి వాళ్ల సైట్ ఒకదానికి వెళ్లి రండి. మంచినీళ్ల డ్రమ్ము ఎక్కడుందో, ఆడవాళ్లకు బాత్రూమ్ ఉందో లేదో చూడండి. పని దిగి చేతులు కడుక్కుంటున్న మేస్త్రీతో కాసేపు మాట్లాడి, ఈ కంపెనీలో ఎన్నేళ్లుగా ఉన్నావు, పోయిన వారం బట్వాడా ఏ రోజు జరిగింది అని అడగండి.